వీపు మీద పిడి

శ్రీరాంసాగర్‌కు 42 గేట్లు. ఎగువన మహారాష్ట్రలో వానలు దంచికొట్టినప్పుడు వాటిలో ఎన్ని ఎత్తారన్న వార్త కోసం ఏర్గట్ల మండలం చెవులు రిక్కించి ఉంటుంది. తడ్‌పాకల్ లాంటి గోదారి ఒడ్డు ఊళ్లకు ఆ కబురు అందిందంటే చేతినిండా పనే. నదిలోకి దించిన మోటర్లు పైకి గుంజుకోవాలి, పైపులు విప్పాలి, పశువులను మిట్టకు తోలాలి. బర్రె ఈదుతుంది. మేకను భుజాన వేసుకోవచ్చు. కోళ్లు గంపలో పడతాయి. పసుపు చేను దగ్గర కాపలా ఉండే పెద్ద కుక్కతోనే చిక్కు.

ఈత దానికి పుట్టుకతో వచ్చిందే. పడవ దాకా చక్కగా ఈదుకుంటూ వస్తుంది. ముందు కాళ్లు రెండూ అంచు మీద వేస్తుంది. అక్కడ ఆగిపోతుంది. తడిసిన ఫైబర్ అంచు మీద గోళ్లకు పట్టు దొరకదు, గీరుకుంటూ జారిపోతాయి. వెనక కాళ్లకు తొక్కి లేవడానికి కింద ఏమీ ఉండదు. అవి నీళ్లను తన్నిన కొద్దీ నడుము పడవ అడుగుకు పోతుంది. లోపలున్నవాళ్లు గాభరాపడి మెడపట్టీ పట్టుకుని లాగుతారు. ఊపిరి అందని ఆ క్షణంలో ఎంత సాధు కుక్కయినా కరుస్తుంది. ఈలోగా ఇద్దరు ముగ్గురు ఒకే పక్కకు వంగడంతో పడవ ఒరిగి, అంచు నీళ్లు తాగుతుంది.

నీళ్లలో ఉన్నంతసేపూ 35 కిలోల కుక్క బరువు చేతికి తెలియదు. దాని ఒంటి సాంద్రత ఇంచుమించు నీటి సాంద్రతే కాబట్టి నీరే దాన్ని మోస్తుంది. పైకి లేపుతున్న కొద్దీ నీరిచ్చే ఆసరా తగ్గుతూ వచ్చి, అంచు దాటే సమయానికి 35 కిలోలూ, బొచ్చు పీల్చిన నీళ్లూ కలిసి చేతుల మీద పడతాయి. అందరం తేలడం గురించే మాట్లాడుతాం గానీ, పెద్ద కుక్కకు గండం నీటికీ పడవకూ మధ్య ఉన్న ఆ మూరెడు ఎత్తులోనే ఉంది. దాన్ని దాటించడానికి మనిషి చేసుకున్న సాధనం పిడి ఉన్న లైఫ్ జాకెట్. చూడ్డానికి చిన్న వస్తువే. దాని వెనక నూటయాభై ఏళ్లకు పైబడిన కథ ఉంది.

మన వైపు ఆ కథ బావుల్లో మొదలవుతుంది. మునగ బెండ్లు నడుముకు కట్టుకునో, ఎండిన సొరకాయ బుర్ర పొట్ట కింద పెట్టుకునో ఈత నేర్చుకున్న తరాలు ఇంకా ఊళ్లలో ఉన్నాయి. సూత్రం ఒక్కటే: గాలిని ఏదో ఒక గూటిలో బంధించి ఒంటికి కట్టుకోవడం. బెండులో ఆ గూళ్లు కంటికి కనపడనంత చిన్నవి, సొర బుర్రలో ఒకటే పెద్దది. బుర్ర పగిలితే తేలడం ఆ క్షణాన్నే పోతుంది. బెండు విరిగితే విరిగిన మేరకే పోతుంది. ఆ తర్వాత వచ్చిన లైఫ్ జాకెట్లన్నీ ఈ రెంటిలో ఏదో ఒక దారి పట్టినవే.

బ్రిటన్‌లో రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్‌లో తనిఖీ అధికారిగా ఉన్న కెప్టెన్ జాన్ రాస్ వార్డ్ 1854లో బెండు దారే పట్టాడు. కార్క్ చెట్టు బెరడును సన్నని ముక్కలుగా కోయించి, కాన్వాస్ గుడ్డ మీద వరుసగా కుట్టించాడు. ముక్కలు విడివిడిగా ఉండటంతో తెడ్డు వేసేవాడి ఒళ్లు వంగుతుంది, కోటు అడ్డురాదు. లీటరు కార్క్ నీళ్లలో మునిగితే సుమారు 750 గ్రాముల బరువును పైకి ఎత్తి పట్టగలదు. 1861 ఫిబ్రవరి 9న విట్బీ రేవులో ఆ కోటు విలువ లోకానికి తెలిసింది. తుపానులో చిక్కుకున్న ఓడల కోసం ఆ రోజు పదేపదే సముద్రంలోకి వెళ్లొచ్చిన లైఫ్‌బోట్ చివరికి తిరగబడింది. 13 మంది సిబ్బందిలో 12 మంది మునిగిపోయారు. బతికిన ఒక్కడు హెన్రీ ఫ్రీమన్. కొత్త రకం కార్క్ కోటు తొడుక్కున్నది అతనొక్కడే.

కార్క్ బరువు, గట్టిదనం నచ్చక 20వ శతాబ్దం మొదట్లో కపోక్ వైపు మళ్లారు. ఇది మనకు కొత్తది కాదు, తెల్ల బూరుగు కాయల్లోని దూది. పోగు లోపల బోలుగా ఉంటుంది, పైన మైనపు పూత ఉంటుంది కాబట్టి నీరు త్వరగా చొరబడదు. తన బరువుకు 30 రెట్ల బరువును నీటి మీద మోయగలదని దీనికి పేరు. అయితే దిండులాగే ఇదీ నలిగితే అణిగిపోతుంది, నూనె అంటితే పనికిరాకుండా పోతుంది. సొర బుర్ర దారిలో వెళ్లినవాడు అమెరికాకు చెందిన పీటర్ మార్కస్. గాలి ఊదుకునే కోటుకు 1928లో పేటెంట్ తీసుకున్నాడు. గోళ్లున్న జంతువుకు గాలి సంచి కట్టడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. కుక్క కోటుకు దారి తీసింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వ్యాపించిన మూసిన గూళ్ల ఫోమ్. చీలినా చిరిగినా నీరు లోపలికి పోదు. లీటరు ఫోమ్ 900 గ్రాములకు పైగా ఎత్తుతుంది.

సామాను సిద్ధమైంది. మిగిలింది ఆకారం. మనిషి కోటును కుక్కకు తొడిగితే సరిపోతుందనుకోవడం పెద్ద పొరపాటు. మనిషికి ఫోమ్ ఎక్కువగా ఛాతీ మీద, మెడ చుట్టూ ఉంటుంది, స్పృహ తప్పినా వెల్లకిలా తిప్పి ముక్కు నోరు పైకి ఉంచడానికి. అదే కోటు కుక్క పొట్ట కిందికి వస్తే దాన్నీ వెల్లకిలా తిప్పేస్తుంది. బోర్లా ఈదే జంతువుకు అది ప్రాణాంతకం. తేల్చే శక్తి పనిచేసే చోటు ఒంటి బరువు కేంద్రం కంటే పైన ఉండాలి. అప్పుడు దూలానికి వేలాడే ఉయ్యాలలా, ఎటు ఊగినా తిరిగి నిలకడకు వస్తుంది. అందుకే మంచి కుక్క కోటులో ఫోమ్ రెండు పక్కటెముకల మీదుగా వీపు వైపుకు ఉంటుంది, గడ్డం కింద చిన్న ముక్క ఒకటి తలను ఎత్తి పడుతుంది. పొట్ట కింద ఉండేది వెడల్పాటి గుడ్డ మాత్రమే.

ఆ గుడ్డ పని తేల్చడం కాదు, మోయడం. లెక్క వేసి చూద్దాం. మెడపట్టీ వెడల్పు రెండున్నర సెంటీమీటర్లు, గొంతుకు ఆనే పొడవు 20 సెంటీమీటర్లు అనుకుంటే, 35 కిలోలు 50 చదరపు సెంటీమీటర్ల మీద పడతాయి. చదరపు సెంటీమీటరుకు 700 గ్రాములు, అదీ శ్వాసనాళం మీద. పొట్ట గుడ్డ 20 సెంటీమీటర్ల వెడల్పు, 35 సెంటీమీటర్ల పొడవు ఉంటే అదే బరువు 700 చదరపు సెంటీమీటర్లకు పరుచుకుంటుంది. చదరపు సెంటీమీటరుకు 50 గ్రాములు. పద్నాలుగో వంతు. ముందు కాళ్లు పట్టుకుని లాగడమూ తప్పే. కుక్క భుజపు ఎముకకు మనలా గట్టి జత్రువు (కాలర్ బోన్) ఆసరా లేదు, ముందు కాళ్లను ఒంటికి పట్టి ఉంచేది కండరాలే.

పిడి ఎక్కడ కుట్టాలన్నది ఇంకో చిక్కు. నిలబడిన కుక్క బరువులో 60 శాతం దాకా ముందు కాళ్ల మీదే ఉంటుంది. పిడి నడుము దగ్గరుంటే తల కిందికి వాలి ముక్కు నీళ్లలో పడుతుంది. కాబట్టి వీపు మీద కొంచెం ముందుకు జరిపి కుడతారు. పెద్ద కుక్కల కోట్లకు రెండో పిడి కూడా వెనక ఉండాలి. ఒకరు ముందు పిడి, ఒకరు వెనక పిడి పట్టుకుని, కుక్కను పడవకు సమాంతరంగా తిప్పుకుని, అల పైకి లేచినప్పుడు ఆ ఊపుతోనే ఎత్తాలి. మూడో మనిషి ఎదుటి అంచున కూర్చుని పడవ ఒరగకుండా చూసుకోవాలి. కుక్కతో పాటు పడవనూ కాపాడేది ఆ మూడో మనిషే.

కోటును ఒంటికి బిగించే వెల్‌క్రో పట్టీ పుట్టుకలో కుక్కకు భాగముంది. స్విట్జర్లాండ్ ఇంజినీర్ జార్జ్ ద మెస్ట్రాల్ 1941లో కుక్కతో కొండల్లో తిరిగొచ్చి, దాని బొచ్చుకు అంటుకున్న కాయలను సూక్ష్మదర్శిని కింద చూశాడు. ఉత్తరేణి గింజలు మన పంచెకు అంటుకున్నట్టే అంటుకున్న ఆ కాయల ముళ్ల కొసలు కొక్కేల్లా వంగి ఉన్నాయి. ఒకవైపు కొక్కేలు, మరోవైపు ఉచ్చులు అల్లిన పట్టీకి 1955లో పేటెంట్ వచ్చింది. అయినా వెల్‌క్రో ఒక్కదాన్నే నమ్మకూడదు. తడి, ఇసుక చేరితే పట్టు సడలుతుంది. బకిల్ తప్పనిసరి.

పెద్ద కుక్కలతోనూ పడవలతోనూ కలిసి బతికినవాళ్లు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దీవి జాలర్లు. వలలు గుంజడానికి, నీళ్లలో పడినవి తేవడానికి వాళ్లకు కుక్కలే చేతులు. ఇవాళ నిజామాబాద్ మేడల్లో గేటు దగ్గర పడుకుని ఉండే లాబ్రడార్ పూర్వీకులు ఆ పడవల కుక్కలే. ఆ దీవి పేరే పెట్టుకున్న భారీ జాతితో ఇటలీలో ఫెరూచియో పిలెంగా 1989లో నీటి రక్షణ కుక్కల శిక్షణాలయం స్థాపించాడు. అక్కడి కుక్కలు పడవల నుంచే కాదు, హెలికాప్టర్ నుంచి కూడా దూకుతాయి. మునిగిపోతున్న మనిషి కుక్క ఒంటి మీది కోటు పిడిని పట్టుకుంటాడు, అది ఒడ్డుకు ఈడ్చుకొస్తుంది. కుక్కను ఎత్తడానికి పుట్టిన పిడి మనిషికి ఆసరా అయింది. ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన మలుపు ఇదే.

ఎత్తే పని లేకుండా కుక్కే నడిచి ఎక్కితే? దానికి పలక కావాలి. పడవకు తలుపులాంటి పలక పెట్టి ముందుకు వాల్చే ఏర్పాటు 1930ల్లోనే జపాన్ సైన్యం దగ్గర ఉంది. 1937లో షాంఘైలో విక్టర్ క్రులాక్ అనే అమెరికన్ మెరీన్ అధికారి దాని ఫొటోలు తీశాడు. 1941లో అమెరికాలో పడవలు తయారుచేసే ఆండ్రూ హిగ్గిన్స్ అదే ఏర్పాటును తన పడవకు అమర్చాడు. 20,000కు పైగా తయారైన ఆ పడవలు నార్మండీలోనూ, పసిఫిక్ దీవుల్లోనూ సైన్యాన్ని దించాయి. 1943 నవంబర్ 1న బోగెన్‌విల్ దీవి మీద అమెరికన్ మెరీన్లతో పాటు 24 యుద్ధ కుక్కలు కూడా దిగాయి, ఎక్కువగా డాబర్‌మన్లు.

మన రేవులో అంత హంగు అక్కర్లేదు. పడవ అంచు 50 సెంటీమీటర్ల ఎత్తుంటే, మీటరున్నర చెక్క వాల్చితే వాలు 20 డిగ్రీల లోపే ఉంటుంది. కుక్క జంకకుండా నడుస్తుంది. చెక్క మీద గోనెపట్టా మేకులతో బిగించి, జానెడు దూరానికొకటి అడ్డపట్టీ కొట్టాలి. పసుపు పండే చోట గోనెసంచికి కొదవా? నీళ్లలోంచి ఎక్కే కుక్కకైతే పలక కింది కొస నీటిలో బాగా మునగాలి. ఛాతీ దాని మీదికి జారితేనే వెనక కాళ్లకు పట్టు దొరుకుతుంది.

దిగేటప్పటి ప్రమాదం వేరు. కుక్క ముందుకు దూకితే పడవ వెనక్కి పోతుంది. 60 కిలోల పడవ, లోపల 60 కిలోల మనిషి, 35 కిలోల కుక్క సెకనుకు 2 మీటర్ల వేగంతో దూకిందనుకుంటే, పడవ సెకనుకు అర మీటరుకు పైగా వెనక్కి జరుగుతుంది. కుక్క అంచనా తప్పి, రేవు మెట్టుకూ పడవకూ మధ్య సందులో పడుతుంది. అందుకే ముందూ వెనకా రెండు తాళ్లతో పడవను కట్టేదాకా కుక్కను కదలనివ్వకూడదు. గొలుసును మాత్రం పడవకు ఎప్పుడూ కట్టకూడదు. పడవ తిరగబడితే అదే ఉరి అవుతుంది.

ఇదంతా కుక్కల మీద ముద్దుతో రాస్తున్నది మాత్రమే కాదు. 2005లో అమెరికాలో కత్రినా తుపాను వచ్చినప్పుడు, పెంపుడు జంతువులను వదిలి రాలేక ఎందరో ఇళ్లలోనే ఉండిపోయారు. మరుసటి ఏడాదే అక్కడ చట్టం తెచ్చారు, విపత్తు ప్రణాళికల్లో పెంపుడు జంతువులనూ లెక్కలోకి తీసుకోవాలని. మన దగ్గర 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు విజయవాడను ముంచినప్పుడూ, 2025 ఆగస్టు చివర కామారెడ్డి జిల్లా వరదల్లోనూ రక్షక పడవలు తిరిగాయి. ప్రతి రక్షక పడవలో మనుషుల కోట్ల పక్కన పెద్ద కుక్కకు సరిపడే కోటు ఒకటైనా ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. కుక్కను ఎక్కించుకుంటామని చెప్పగలిగితే, దాని కోసం వెనక్కి తిరిగే ముసలామె కూడా పడవెక్కుతుంది. కోటు లేని రోజున మందపాటి దుప్పటిని వెడల్పుగా మడిచి, ముందు కాళ్ల వెనక నుంచి పొట్ట కిందుగా పోనిచ్చి, రెండు కొసలూ వీపు మీద కలిపి పట్టుకుని ఎత్తవచ్చు.

కొనేవాళ్లకు ఒక మాట. అమెరికా కోస్ట్ గార్డ్ మనుషుల లైఫ్ జాకెట్లను పరీక్షించి ఆమోదముద్ర వేస్తుంది, కుక్కల వాటికి వేయదు. కాబట్టి పరీక్ష మనమే పెట్టాలి. పిడి కుట్టు పైగుడ్డకే ఉందా, లేక పొట్ట చుట్టూ తిరిగొచ్చే నైలాన్ పట్టీతో కలిపి ఉందా చూడండి. పైగుడ్డకే ఉంటే వద్దు. గోనెసంచిలో కుక్క బరువుకు ఒకటిన్నర రెట్లు ఇసుక నింపి, కోటు తొడిగి, పిడి పట్టి ఎత్తి కాసేపు ఆపండి. కుట్టు కాస్త పిగిలినా తెలుస్తుంది. తర్వాత కుక్కకు ఇంట్లో తొడిగి, పిడితో బెత్తెడు ఎత్తి దించి, జొన్నరొట్టె ముక్క పెట్టండి. అలవాటయ్యాక మోకాలి లోతు నీళ్లలో, ఆ తర్వాత కట్టేసిన పడవ దగ్గర. గేట్లు ఎత్తే కాలం రాకముందే, ఎండాకాలంలో నది నెమ్మదిగా ఉన్నప్పుడు మొదలుపెట్టాలి.