బిరుదు వద్దన్న మేజోళ్ల వ్యాపారి

ఎన్నికలు రాగానే "డబ్బున్నవాడే గెలుస్తాడు" అనే మాట మన పల్లెల్లో వింటాం. డబ్బుతోపాటు దైవభయం కూడా ఉన్నవాడు గెలిస్తే?

శామ్యూల్ మార్లీ 1809లో లండన్ సమీపంలోని హోమర్టన్‌లో జన్మించారు. మేజోళ్లు తయారుచేయించి అమ్మే కుటుంబ వ్యాపారంలో చేరి, దానిని ఎంతో వృద్ధి చేశారు. ఆయన కాంగ్రిగేషనల్ సంఘ విశ్వాసి. 1805లో విశాఖపట్నానికి సువార్తికులను పంపిన లండన్ మిషనరీ సొసైటీని ఎక్కువగా పోషించింది ఆ సంఘాలవారే.

దేవుడిచ్చిన ధనానికి తాను గృహనిర్వాహకుడినే అన్నట్టు ఆయన జీవించారు. వృద్ధులైన పనివారికి పింఛను ఇచ్చారు. మందిరాల నిర్మాణానికి ధారాళంగా ఇచ్చారు. మద్యపాన వ్యతిరేక ఉద్యమానికి అండగా నిలిచారు.

1865లో నాటింగ్‌హామ్ నుండి పార్లమెంటుకు ఎన్నికయ్యారు. కానీ అక్రమాలు జరిగాయన్న ఫిర్యాదుపై 1866లో ఆ ఎన్నిక రద్దయింది. మంచివాని పేరు మీద జరిగే ఎన్నికకైనా మచ్చ రావచ్చు. 1868లో బ్రిస్టల్ ప్రజలు ఆయనను ఎన్నుకున్నారు. 1885 వరకు వారి ప్రతినిధిగా ఉన్నారు. ఆ సంవత్సరమే ప్రభువుల సభలో స్థానం ఇస్తామంటే వద్దన్నారు. 1886లో ప్రభువునందు నిద్రించారు.

ప్రియులారా, మన దగ్గరకు అభ్యర్థి వస్తే ఏమి అడుగుతున్నాం? మందిరానికి ప్రహరీగోడ, మైకుసెట్టు! గోడ లేచాక అతణ్ణి తప్పు అని గద్దించే నోరు మనకు ఉంటుందా? అతని పనివారికి కూలి సరిగా అందుతుందా అని ముందు విచారించండి. లూకా 16వ అధ్యాయం ఇంట్లో అందరూ కలిసి చదివి, ప్రార్థించి, అప్పుడు ఓటు వేయండి.