పన్ను బాకీ ఒకేసారి కట్టలేకపోతే

ఒక తాపీ మేస్త్రీ ఉన్నాడనుకుందాం. పదిమంది మనుషుల్ని పెట్టుకుని ఇళ్లు కట్టిస్తాడు. ఒకరి దగ్గర జీతానికి ఉన్నవాడు కాదు, సొంత పని. జీతగాడికైతే యజమానే పన్ను పట్టుకుని మిగతాది చేతికిస్తాడు. మేస్త్రీకి డబ్బంతా చేతికే వస్తుంది. కూలీలకిచ్చి, సిమెంటు కొట్టు బాకీ తీర్చి, పిల్లల ఫీజులు కట్టేసరికి అయిపోతుంది. పన్ను మిగిలిపోతుంది.

కొన్నాళ్లకు ఆదాయపన్ను శాఖ నుంచి నోటీసు వస్తుంది. 36,000 రూపాయలు బాకీ, 30 రోజుల్లో కట్టాలి అని ఉంటుంది. ఇంట్లో చూస్తే ఆరు వేలే ఉన్నాయి. ఏం చెయ్యాలి?

2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల వరకు ఆదాయానికి పన్ను పడదు కదా అంటారు. నిజమే. కానీ పాత ఏళ్లకు పాత లెక్కే. 2022-23లో ఆ హద్దు 5 లక్షలే. అందుకే చిన్నవాళ్లకు కూడా పాత బాకీలు ఉంటాయి.

నోటీసు రాగానే కొందరు దాన్ని చూరులో దోపి మరిచిపోతారు. కొందరు భయపడి వడ్డీ వ్యాపారి దగ్గరికి పరుగెడతారు. రెండూ నష్టమే. ఎలాగో లెక్క వేసి చూద్దాం.

30 రోజులు దాటాక పన్ను బాకీకి నెలకు నూటికి రూపాయి వడ్డీ. నెలలో ఒక్క రోజు గడిచినా పూర్తి నెల కిందే లెక్క. మేస్త్రీ గడువు లోపల 6,000 కట్టాడు. మిగిలింది 30,000. దాన్ని నెలకు 6,000 చొప్పున అయిదు నెలల్లో తీర్చాడు. వడ్డీ మొదటి నెల 300, తర్వాత 240, 180, 120, 60. మొత్తం 900 రూపాయలు. అదే 30,000 నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే? ఒక్క నెలకే 900. అప్పు తెచ్చి పన్ను కట్టి, ఆ అప్పు కోసం మళ్లీ పరుగెత్తడం దేనికి?

అయితే వాయిదాలు వాటంతటవే రావు. అడగాలి. అదీ 30 రోజుల గడువు లోపలే అడగాలి. మీ పాన్ కార్డు ఏ ఆదాయపన్ను అధికారి కిందికి వస్తుందో ఆయనకు దరఖాస్తు పెట్టాలి. ముందు తెలుగులో ఇలా రాసుకోండి:

"అయ్యా, నాకు 36,000 రూపాయల పన్ను బాకీ ఉన్నట్లు నోటీసు వచ్చింది. నాలుగు నెలలుగా పనులు లేక రాబడి తగ్గింది. ఈ రోజు 6,000 కట్టాను. చలానా జత చేశాను. మిగిలిన 30,000 నెలకు 6,000 చొప్పున అయిదు వాయిదాల్లో కడతాను. అనుమతి ఇవ్వగలరని ప్రార్థన."

ఆడిటరు దీన్నే ఇంగ్లీషులో పెడతాడు. మీరు రాసిన అంకెలే అందులో ఉన్నాయో లేదో చూసుకోండి. అంకెలు మీకు వచ్చు కదా! దరఖాస్తు అందినట్లు రసీదు తీసుకోండి.

ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం అధికారి చేతిలో ఉంది. షరతులు కూడా పెట్టొచ్చు. ఒప్పుకున్నాక ఒక్క వాయిదా తప్పితే మిగిలిందంతా ఒకేసారి కట్టాల్సి వస్తుంది. అందుకని గొప్పకు పోయి పెద్ద వాయిదా రాయొద్దు. నెలకు నాలుగు వేలే కట్టగలిగితే నాలుగు వేలే రాయండి.

కట్టేటప్పుడు చలానాలో ఒక నంబరు అడుగుతారు. 100 అంటే ముందస్తు పన్ను. 300 అంటే మనమే లెక్కగట్టి రిటర్నుతో కట్టే పన్ను. నోటీసులో అడిగిన బాకీకి 400. ఇది తప్పు పడితే డబ్బు కట్టినా బాకీ అలాగే కనపడుతుంది.

అసలు ఆ బాకీ నిజమేనా? ఇది కూడా చూడాలి. మేస్త్రీకి పని ఇచ్చిన కాంట్రాక్టరు నూటికి రూపాయి పన్ను కింద కోసుకుంటాడు. దాన్ని మేస్త్రీ పాన్ నంబరు మీద జమ చెయ్యాలి. చెయ్యకపోతే ఆ డబ్బు లెక్కలోకి రాదు, నోటీసు వస్తుంది. ఫారం 26ఏఎస్ అనే కాగితంలో అంతా ఉంటుంది. ఆడిటరును అడిగి తీయించండి. నోటీసు మీద డిన్ అనే నంబరు ఉందో లేదో కూడా చూడండి. 2019 అక్టోబరు 1 నుంచి అది ఉండాలి. ఈ రోజుల్లో దొంగ నోటీసులు కూడా వస్తున్నాయి.

ఇంకో చిక్కుంది. నోటీసులు ఇప్పుడు సెల్ ఫోనుకు, ఈ-మెయిల్‌కు వస్తున్నాయి. రిటర్నులో ఆడిటరు తన నంబరు రాసుకుంటే కబురు ఆయనకే పోతుంది. మీకు తెలిసేసరికి 30 రోజులు దాటిపోతాయి. మీ నంబరే రాయించండి. చేతిలో డబ్బు లేదని రిటర్ను మాత్రం ఆపొద్దు. ఆలస్యమైతే 5 లక్షల లోపు ఆదాయానికి 1,000, ఆ పైన 5,000 అదనంగా పడుతుంది.

ఏమీ చెయ్యకుండా ఊరుకుంటే బ్యాంకు ఖాతా ఆపొచ్చు, ఆస్తి జప్తు చెయ్యొచ్చు. బాకీ ఎంతో అంతవరకు జరిమానా కూడా వెయ్యొచ్చు. కానీ జరిమానాకు ముందు మీ మాట వినాలి. పనివాడి పనిముట్లు, వంటపాత్రలు, కట్టుబట్టలు, పక్కబట్టలు, మంగళసూత్రం లాంటివి 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం జప్తుకు రావు. 1961 ఆదాయపన్ను చట్టం కూడా ఆ మినహాయింపును ఒప్పుకుంది. మేస్త్రీ తాపీ మేస్త్రీ దగ్గరే ఉంటుంది.

నోటీసు మరీ పాతదైతే ఒక మాట. 2024లో కేంద్ర ప్రభుత్వం చిన్న బాకీలు కొన్ని కొట్టేసింది. 2009-10 వరకు ఉన్నవాటిలో 25,000 లోపువి, 2010-11 నుంచి 2014-15 వరకు ఉన్నవాటిలో 10,000 లోపువి. ఒక్కొక్కరికి మొత్తం లక్ష దాకా. మీది ఆ ఏళ్లదైతే, డబ్బు కట్టే ముందు ఆ బాకీ ఇంకా ఖాతాలో ఉందో లేదో చూపించుకోండి.