సీఎన్‌సీ యంత్రానికి లీడ్ స్క్రూ

పాఠశాల ప్రయోగశాలలోని స్క్రూగేజి విద్యార్థులందరికీ పరిచితమే. దాని తలను ఒక చుట్టు తిప్పినప్పుడు మర జరిగే దూరాన్ని మరభ్రమణాంతరం అంటారు. ఇది 1 మి.మీ. అయి, తలమీది స్కేలులో 100 భాగాలుంటే కనీసపు కొలత 0.01 మి.మీ. అవుతుంది.

ఔత్సాహికులు ఇంటివద్ద నిర్మించుకొనే సీఎన్‌సీ యంత్రానికీ ఆధారం ఈ సూత్రమే. కంప్యూటరు పంపే అంకెలను అనుసరించి కొయ్యనో, అల్యూమినియం పలకనో చెక్కే యంత్రమిది. దీనిలో చేతికి బదులు స్టెప్పర్ మోటారు మరను తిప్పుతుంది. మరమీది నట్టు, పనిముట్టును మోసే బల్లను జరుపుతుంది. ఈ మరనే లీడ్ స్క్రూ అంటారు. సాధారణమైన స్టెప్పర్ మోటారు 200 అంచెలలో ఒక చుట్టు తిరుగుతుంది. చుట్టుకు 2 మి.మీ. నడిచే మరను బిగిస్తే, ఒక్కొక్క అంచెకు నడక 0.01 మి.మీ. అనగా స్క్రూగేజి కనీసపు కొలతే!

అయితే కనీసపు కొలత సూక్ష్మమైనంత మాత్రాన కొలత నిజం కాదు. ఇటువంటి యంత్రం అంచెలను లెక్కిస్తుందేగాని, బల్ల ఎంత జరిగిందో చూడలేదు. మరలో దోషముంటే అది చెక్కిన వస్తువులోకి వస్తుంది. రంధ్రాలు ఒకదానికొకటి కలవవు. కనుక మర ఎంపికలో జాగ్రత్త అవసరం.

ఇనుప సామాను దుకాణంలో దొరికే 8 మి.మీ. మరకడ్డీ చవక. దాని నడక చుట్టుకు 1.25 మి.మీ. కాని 60 డిగ్రీల కోణంగల దాని చుట్లు వస్తువులను బిగించడానికి ఉద్దేశింపబడినవి. నిరంతరం కదిలితే ఘర్షణ ఎక్కువై త్వరగా అరుగుతాయి. 30 డిగ్రీల కోణంగల ట్రాపిజాయిడ్ చుట్ల మర ఇంతకంటె మేలు. దీనిని కొనేటప్పుడు కొసను పరీక్షించాలి. అక్కడ ఒకే చుట్టు మొదలైతే నడక 2 మి.మీ.; నాలుగు చుట్లు మొదలైతే 8 మి.మీ., అంచెకు 0.04 మి.మీ. చూపునకు రెండూ ఒకేలా ఉంటాయి. గుండ్లమర, అనగా బాల్ స్క్రూలో, నట్టుకూ మరకూ నడుమ ఉక్కు గుండ్లు దొర్లుతాయి. పెట్టిన పనిలో సుమారు 90 శాతం దక్కుతుంది. కాని వెల ఎక్కువ. నిలువుగా అమర్చితే, మోటారు ఆగినప్పుడు బరువుకు బల్ల దానంతటదే దిగిపోవచ్చు.

కొన్న మరను గాజుపలకపై దొర్లించాలి. అడుగున వెలుతురు ఆడితే మర వంగినదని గ్రహించాలి. కోయడానికి ముందే ఒక నట్టును ఎక్కించి, కోసి, అంచును ఆకురాయితో నునుపుచేసి నట్టును వెలికి తీస్తే చుట్లు సరిపడతాయి. బేరింగులో కూర్చునే కొసను లేతుమీద మర అక్షానికి సరిగా తిప్పించాలి. పిమ్మట కిరసనాయిలుతో కడిగి నూనె రాయాలి. ఒక కొసనే గట్టిగా బంధించి, రెండవదానిని జరగనివ్వడం మంచిది. ఏలనన 300 మి.మీ. ఉక్కుమర 10 డిగ్రీల సెంటిగ్రేడు వేడెక్కితే సుమారు 0.035 మి.మీ. సాగుతుంది.

నట్టుకూ మరకూ నడుమ ఉండే సందువల్ల, దిశ మారినప్పుడు మర తిరిగినా బల్ల కొంత కదలదు. దీనిని బ్యాక్‌లాష్ దోషం అంటారు. స్క్రూగేజిని ఒకే దిశలో తిప్పి దీనిని తప్పించుకోవచ్చు. కాని వృత్తాన్ని చెక్కే యంత్రం దిశ మార్చక తప్పదు. అందుచేత రెండు నట్ల నడుమ స్ప్రింగు నుంచి సందును తొలగిస్తారు.

చివరకు పరీక్ష. 10,000 అంచెలకు 100 మి.మీ. జరగవలసిన బల్ల 99.8 మి.మీ. జరిగిందనుకొందాం. అప్పుడు మి.మీ.కు 100 బదులు 100.2 అంచెలని కంప్యూటరుకు తెలిపితే సరిపోతుంది. కాని దోషం ఒక్కొక్కచోట ఒక్కొక్క విధంగా ఉంటే ఏ ఒక్క అంకె దానిని సవరించలేదు. మరనే బాగుచేయాలి, లేదా మార్చాలి.

1882 ప్రాంతంలో అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు హెన్రీ రోలండ్‌కు అంగుళానికి 14 వేలకు పైగా గీతలు గీసే యంత్రానికి మర కావలసివచ్చింది. ఆయన పొడవైన నట్టును మరపై ఎమరీ పొడితో అటూఇటూ నడిపి అరగదీశాడు. పొడవైన నట్టు ఒకేసారి అనేక చుట్లను తాకుతుంది కనుక ఎత్తుగా ఉన్నవి ముందు అరిగి, చుట్లన్నీ సమమయ్యాయి. నమ్మదగిన మరను కొని తెచ్చుకోవడంతో పని తీరదు. పరీక్షించి, సవరించి తయారుచేసుకోవాలి.