పగులును దాచని కుమ్మరి

‘కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు’ అన్నది మన పెద్దల సామెత. ఏడాది శ్రమను ఒక్క దెబ్బ మట్టిపాలు చేస్తుందని దాని తాత్పర్యం. ఆ దెబ్బను సైతం కుండ నిర్మాణంలో భాగం చేసుకున్న కళాకారుడు పీటర్ వూల్కస్.

1924లో అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో, గ్రీసు దేశం నుంచి వలస వచ్చిన కుటుంబంలో ఆయన జన్మించారు. కళాశాల కంటె ముందు ఆయన చూసింది కర్మాగారాన్ని. పోర్ట్‌లాండ్ నగరంలోని ఒక ఫౌండ్రీలో, యుద్ధకాలపు ‘లిబర్టీ’ నౌకల ఇంజను భాగాలకు అచ్చులు కట్టే పని నేర్చుకున్నారు. మన ఫౌండ్రీ షాపు సోదరులకు ఆ పని ఎటువంటిదో చెప్పనక్కరలేదు. కాస్టింగులో వెంట్రుకవాసి పగులు కనిపించినా అది తిరస్కృతమే. ఆ క్రమశిక్షణలో పెరిగిన చేతులే తరువాతి కాలంలో పగులును కోరి ఆహ్వానించాయి!

యుద్ధానంతరం మాజీ సైనికులకు ప్రభుత్వం కల్పించిన విద్యా సదుపాయంతో ఆయన చిత్రకళ అభ్యసించారు. మట్టిపని చదువు చివరలో ఎదురైంది, ఇక వదలలేదు. 1951లో హెలెనా పట్టణపు ఇటుకల కర్మాగారం ఆవరణలో వెలసిన ఆర్చీ బ్రే కళాకేంద్రంలో చేరారు. ఆ రోజులలో ఆయన సారె మీద తీసిన సీసాలు, మూతల జాడీలు నునుపుకూ పొందికకూ పేరు పొందాయి. 1955లో ఫ్రాన్సులోని కాన్ నగరంలో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనలో స్వర్ణపతకం కూడా లభించింది.

అటువంటి దశలో చేతికి వచ్చిన విద్యను ఎవరైనా పక్కన పెడతారా? వూల్కస్ పెట్టారు. 1953లో న్యూయార్కులో నైరూప్య చిత్రకారులతో కలిగిన పరిచయం ఆయనను కలవరపెట్టింది. ముందుగా నమూనా గీసుకోకుండా, రంగు పడిన చోటు నుంచి తరువాతి గీతను వెదుక్కునే వారి పద్ధతి మట్టికి ఎందుకు పనికిరాదన్నది ఆయన ప్రశ్న.

1954 నుంచి లాస్ ఏంజెలెస్‌లో బోధిస్తూ దానికి సమాధానం వెదికారు. సారె మీద పెద్ద పెద్ద గొట్టాలు తీసి, వాటిని కోసి, ఒకదానిపై ఒకటి నిలిపి, పిడికిలితో నొక్కి, కత్తితో గీరేవారు. 1956 నాటి ‘రాకింగ్ పాట్’ పేరుకు కుండే. కాని ఒళ్లంతా రంధ్రాలు, నిలిపినది ఊగుడు పీఠం మీద. చుక్క నీరు నిలువదు. కుండ అనవచ్చునా అని నాటి కుమ్మరులు ఆగ్రహించడంలో ఆశ్చర్యమేమున్నది?

అయితే దీనిని ఇష్టారాజ్యమని భ్రమపడరాదు. తడిమట్టి ఎవరి కోసమూ ఆగదు. ఆరుతున్న కొద్దీ బిగుసుకుంటుంది, కుదించుకుంటుంది. గోడ మందంగా ఉండి లోపల తేమ మిగిలితే, ఆవంలో ఆవిరి పుట్టి వస్తువు పేలిపోతుంది. కనుక నిర్ణయాలన్నీ మట్టి పదును మీద ఉన్నప్పుడే, క్షణాలలో జరగాలి. ఏళ్ల తరబడి సారె తిప్పిన చేయి మాత్రమే అంత తొందరను భరించగలదు. ఆవంలో విరిగిన ముక్కలను ఆయన ఎపాక్సీతో అతికించేవారు. కాలిన మట్టి మీద చిత్రకారునివలె రంగులు పూసేవారు. కాన్వాసుపై ఆయన వేసిన చిత్రాల కంటె ఈ కుండల మీది రంగులే సజీవంగా తోస్తాయని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

1959లో బర్క్లీ విశ్వవిద్యాలయానికి మారాక ఆయన మళ్లీ ఫౌండ్రీ వైపు మళ్లి, చాలాకాలం కంచు శిల్పాలు పోతపోశారు. 1979 నుంచి ఆయన శిల్పాలు కట్టెలతో మండే జపాను తరహా ‘అనగామా’ ఆవంలో కాలసాగాయి. అందులో రోజుల తరబడి మంట సాగుతుంది. ఎగిరిన బూడిద మట్టి మీద వాలి, కరిగి, తానే గాజుపూత అవుతుంది. ఏ వైపున ఎంత వాలుతుందో మనిషి పూర్తిగా శాసించలేడు. చేయి ఆపిన చోట అగ్ని పని అందుకునేదన్నమాట.

2002 ఫిబ్రవరిలో ఆయన ఒహైయో రాష్ట్రంలోని బౌలింగ్ గ్రీన్ పట్టణంలో గుండెపోటుతో మరణించారు. అప్పటికి డెబ్బది ఎనిమిదేళ్లు. అక్కడికి వెళ్లింది విద్యార్థుల ఎదుట మట్టిపని చేసి చూపడానికే.