ఊరు తమిళం.. ఆట తెలుగు.. ముఖం నరసింహుడిది!

మేలట్టూరు (తంజావూరు జిల్లా): రాత్రంతా సాగిన ఆట తెల్లవారుజాముకు స్తంభం దగ్గరికి చేరుతుంది. నీ హరి ఇందులో ఉన్నాడా అని హిరణ్యకశిపుడు కొడుకుని నిలదీస్తాడు. అప్పుడు వస్తుంది.. నరసింహస్వామి ముఖం. అంతవరకూ కూర్చున్నచోటే కునికిపాట్లు పడుతున్న వాళ్లు కూడా లేచి చేతులు జోడిస్తారు.

ఈ ముఖం ఏటా కొత్తగా చేయించుకునే వేషసామాను కాదు. ఆట లేని రోజుల్లో గుడిలో ఉండి పూజలందుకుంటుంది. దాన్ని ధరించే నటుడు ఆ రోజు ఉపవాసం ఉంటాడు. పెట్టుకోగానే స్వామి ఆవహిస్తాడని ఊరి నమ్మకం. అందుకే వెనక నుంచి పట్టుకోవడానికి మనుషులు సిద్ధంగా ఉంటారు.

నాయకరాజులిచ్చిన ఊరు

పాపనాశం తాలూకాలోని మేలట్టూరు భాగవత మేళానికి పేరు. తంజావూరు ఏలిన అచ్యుతప్ప నాయకుడు 510 బ్రాహ్మణ కుటుంబాలకు ఇక్కడ ఇళ్లు, పొలాలు ఇచ్చాడంటారు. ఆయన పేరు మీదే ఊరికి అచ్యుతాబ్ధి అన్న పేరు కూడా వచ్చింది. 18వ శతాబ్దిలో ఈ ఊళ్లోనే పుట్టిన వెంకటరామశాస్త్రి ప్రహ్లాద చరిత్రము, ఉషా పరిణయము, హరిశ్చంద్ర వంటి నాటకాలు తెలుగులో రాశారు. త్యాగరాజు కన్నా ఆయన పెద్దవారు. వరదరాజ పెరుమాళ్ కోవెల ముందు, నరసింహ జయంతి ఉత్సవాల్లో ఇప్పటికీ ఆ నాటకాలే ఆడతారు. ఆడేవాళ్లంతా మగవాళ్లే.

పాటే కొలత

మొదట కుచ్చుటోపీతో కోణంగి గెంతుతూ వస్తాడు. తర్వాత ఏనుగు ముఖం తగిలించుకుని గణపతిగా ఓ చిన్నపిల్లాడు. ఆ పసివాడి మెడకు ఆ ముఖం బరువే! అయినా ఊళ్లో చాలామందికి రంగస్థలం మీద తొలి అడుగు అదే.

ఆపై తెర పట్టుకుంటారు. ప్రతి పాత్రకూ ఒక ప్రవేశ దరువు. వచ్చే మనిషి రూపం, నడక, దర్జా ఎలాంటివో పాట ముందే చెప్పేస్తుంది. తెర తీసేసరికి పాట చెప్పిన మనిషే అక్కడ కనబడాలి. ప్రహ్లాదుడి తల్లి లీలావతి వేషం కట్టే మగవాడు మీసం తీసేసి, చీర కుచ్చెళ్లు సర్దుకుని, పూలజడ, వడ్డాణం పెట్టుకుంటే సరిపోదు. ఎండాకాలపు ఉక్కలో, ఆ బరువుతో, తెల్లవార్లూ ఆడదానిలాగే నడవాలి. హిరణ్యకశిపుడికి కిరీటం ఊడకూడదు, భుజకీర్తులు చేతుల ఆటకు అడ్డు రాకూడదు. అందంగా ఉండటం ఆ తర్వాతి మాట.

కృష్ణా జిల్లా కూచిపూడిలోనూ ఇదే తంతు. అక్కడ నగలు తేలికైన బూరుగు కర్రతో చేసేవారు. సత్యభామ ముందు తన జడను తెర మీదుగా బయటికి వేసేది. అది అలంకారం కాదు, సవాలు. నన్ను గెలిచినవాడు ఈ జడ కోసుకోవచ్చు అని! స్త్రీ వేషానికి పేరుపొందిన వేదాంతం సత్యనారాయణ శర్మ (1935-2012) ఆ జడతోనే జనానికి గుర్తు.

మేలట్టూరులో చిక్కల్లా భాష దగ్గరే. నటుల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది తమిళం. తెలుగు మాటల్ని తమిళ లిపిలో రాసుకుని కంఠస్థం చేస్తారు. చూసే జనంలోనూ తెలుగు తెలిసినవాళ్లు తక్కువే. మాట అందనిచోట కన్ను చూసిందే కథ. అందుకే తళుకులు పెంచుదామన్న ఆశ ఎవరికైనా పుడుతుంది. కానీ దరువు ఏం చెబుతోందో అర్థం కాకపోతే, ఏ పాత్రకు ఏ వేషం తగునో తేల్చేదెవరు? పొరుగున ఉన్న మన తెలుగువాళ్లు ఉత్సవానికి వెళ్లి కూర్చుంటే, ఆ దరువులు వినగలిగేవాళ్లు నలుగురు పెరుగుతారు.

నరసింహ జయంతి వైశాఖ శుద్ధ చతుర్దశి నాడు, ఎక్కువగా మే నెలలో వస్తుంది. ప్రహ్లాద చరిత్రము చూడాలంటే రాత్రికే ఊరు చేరాలి, తెల్లారేదాకా నిద్ర ఆపుకోవాలి. స్వామి ముఖం బయటికొచ్చేది ఆఖర్లోనే.