కోకో పొడి ఉండ కట్టేదెందుకు? వెన్న పోయిన పొడికి పాలు, కవ్వం తోడు

న్యూయార్క్ ఫ్యూచర్స్ బజారులో కోకో గింజల ధర 2024 డిసెంబరులో టన్నుకు 12,000 డాలర్లు దాటింది. 1977లో నెలకొన్న పాత రికార్డు ఆ ఏడాది ఫిబ్రవరిలోనే చెదిరిపోయింది. 2025 చివరికల్లా ధర మళ్ళీ 6,000 డాలర్ల దరిదాపులకు దిగింది. ప్రపంచ సరఫరాలో సగానికి పైగా ఇచ్చే ఐవరీ కోస్ట్, ఘనా దేశాల్లో అనుకూలించని వర్షాలు, చెట్లకు సోకిన వైరస్ తెగులు, ముదిరిపోయిన తోటలు ఈ పెరుగుదలకు ముఖ్య కారణాలు.

ఈ ఆటుపోట్లు గోదావరి జిల్లాల తోటల రైతుకే పరిమితం కాలేదు. వంటింటి అలమరలోని కోకో డబ్బాకూ తగిలాయి. అంత ధర పెట్టి కొన్న పొడిని వేడిపాలలో వేస్తే ఉండలు కట్టి పైన తేలడం, మిగిలింది మడ్డిలా అడుగున దిగడం చాలా ఇళ్ళలో కనిపించేదే. వడగట్టి పారబోసే ఆ ఉండలన్నీ డబ్బు కిందే లెక్క. సరుకు నాసిరకమని చాలామంది అనుకుంటారు. ఎక్కువ సందర్భాల్లో లోపం సరుకులో కాదు, కలిపే తీరులో ఉంటుంది. గింజ పొడిగా మారే క్రమం తెలిస్తే కారణం బోధపడుతుంది.

గింజలో సగం వెన్న

కాయ కోసి తీసిన గింజలను అయిదారు రోజులు పులియబెట్టి, తేమ 7 శాతం దాకా తగ్గేటట్టు ఎండబెడతారు. సరిగా పులియని గింజకు చాక్లెట్ వాసన రాదు, వగరు మిగులుతుంది. ఫ్యాక్టరీలో గింజలు వేయించి పొట్టు తీస్తారు. స్థూలంగా 100 కిలోల ఎండుగింజల నుంచి పొట్టు, తేమ పోగా 80 కిలోల దాకా పప్పు వస్తుంది. ఆ పప్పులో సగానికి పైగా కొవ్వే. దీన్నే కోకో వెన్న అంటారు.

పప్పును ముద్దగా నూరి, ప్రెస్సులో నొక్కి ఈ వెన్నను పిండుతారు. ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన వాన్ హౌటెన్ కుటుంబం 1828లో పేటెంటు పొందిన పద్ధతి ఇందుకు పునాది. వెన్న పిండగా మిగిలిన చెక్కను మర పట్టిస్తే వచ్చేదే కోకో పొడి. వెన్నకు వేరే ధర, పొడికి వేరే ధర. వెన్న ఎక్కువగా చాక్లెట్ తయారీకి పోతుంది. పొడి బిస్కట్లు, ఐస్‌క్రీములు, పానీయాలకు పోతుంది. పొడిలో మిగిలే కొవ్వు సాధారణంగా 10 నుంచి 12 శాతం. ఖరీదైన రకాల్లో 20 శాతం పైన ఉంటుంది.

కోకో వెన్న ఇంచుమించు మనిషి ఒంటి వేడికే కరుగుతుంది. చాక్లెట్ నోట్లో వేసుకోగానే కరిగిపోవడానికి కారణం అదే. అంటే నాలుకకు నునుపు ఇచ్చే పదార్థంలో అధిక భాగం పొడి డబ్బాలోకి చేరకముందే వేరే దారి పట్టింది. ఆ లోటును వంటింట్లో పూడ్చుకోవలసి ఉంటుంది.

ఉండ కట్టే తీరు

కోకో పొడి చక్కెరలా పాలలో కరిగేది కాదు. సన్నని రేణువులుగా పాలలో తేలియాడుతుంది, అంతే. రేణువు చుట్టూ ఉన్న కొవ్వు పొర తడిని దగ్గరకు రానివ్వదు. చల్లని పాలలో వేస్తే ఆ కొవ్వు గడ్డకట్టి ఉంటుంది కనుక పొడి పైనే తేలుతుంది. పొర్లే పాలలో ఒక్కసారి వేస్తే ఇంకో ఇబ్బంది. కోకోలో కొంత పిండి పదార్థం ఉంది. వేడి తగిలిన పైపొర వెంటనే ఉబ్బి జిగురుగా మారుతుంది. లోపలి పొడి తడవకుండానే ఉండిపోతుంది. అదే ఉండ. ఆ తర్వాత ఎంత కలియబెట్టినా అది విడివడడం కష్టం.

రాగి జావ కాచే ఇళ్ళకు ఈ సంగతి కొత్త కాదు. రాగిపిండిని ముందు చల్లనీళ్ళలో కలిపి, ఆ తర్వాతే ఎసట్లో పోస్తారు. కోకోకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఒక్కటే తేడా. రాగిపిండిలో కొవ్వు స్వల్పం కాబట్టి చల్లనీళ్ళు సరిపోతాయి. కోకోలో కొవ్వు కరగాలి, పిండి ఉబ్బకూడదు. అందువల్ల వేలు పెడితే ఓర్చుకోగల గోరువెచ్చని పాలు కావాలి.

కాచే పద్ధతి

ఒక కప్పుకు, అంటే 200 మిల్లీలీటర్ల పాలకు, 10 గ్రాముల కోకో పొడి చాలు. ఈ లెక్కన 100 గ్రాముల ప్యాకెట్టుకు 10 కప్పులు వస్తాయి. పొడిని ముందు జల్లించి, రెండు మూడు చెంచాల చక్కెర, చిటికెడు ఉప్పు చేర్చి పొడిగానే బాగా కలపాలి. చక్కెర పలుకులు రేణువుల మధ్య చేరి అవి ఒకదానికొకటి అంటుకోకుండా చూస్తాయి.

తర్వాత రెండు మూడు చెంచాల గోరువెచ్చని పాలు పోసి, చెంచా వెనుకవైపుతో గిన్నె అంచుకు అదిమి, మెరిసే ముద్ద అయ్యేదాకా నూరాలి. పని అంతా ఇక్కడే ఉంది. ముద్దలో పొడిచుక్క కనబడితే ముందుకు పోకూడదు. మిగిలిన పాలు కొద్దికొద్దిగా పోస్తూ పలచన చేసి, సన్నని సెగపై పెట్టి అడుగంటకుండా కలుపుతూ ఉండాలి. అంచుల్లో చిన్న బుడగలు వచ్చాక రెండు నిమిషాలు ఉంచితే పిండి ఉబ్బి పానీయం చిక్కబడుతుంది. తెర్లనివ్వకూడదు. తెర్లితే మీగడ తరకలు కట్టి నునుపు చెడుతుంది.

దింపిన తర్వాత కవ్వంతో ఒక నిమిషం గిలక్కొట్టాలి. ఇది కొత్త పోకడ కాదు. మెక్సికోలో కవ్వాన్ని పోలిన చెక్క సాధనాన్ని రెండు అరచేతుల మధ్య తిప్పుతూ చాక్లెట్‌కు నురగ తెప్పిస్తారు. అంతకు పూర్వం అక్కడివారు ఒక పాత్ర నుంచి ఇంకో పాత్రలోకి ఎత్తుగా పోసి నురగ రప్పించేవారు. కాఫీ తిరగబోసే మన అలవాటు లాంటిదే అది.

పాల ఎంపిక

నునుపు విషయంలో పాల రకం చాలా తేడా తెస్తుంది. ఫుల్ క్రీమ్ పాలలో కొవ్వు 6 శాతం, టోన్డ్ పాలలో 3 శాతం. అంటే కప్పుకు మొదటి రకంలో సుమారు 12 గ్రాములు, రెండో రకంలో 6 గ్రాములు. పది గ్రాముల కోకో పొడి నుంచి వచ్చేది ఒక గ్రాము చిల్లర మాత్రమే. మంచి నల్ల చాక్లెట్ 30 గ్రాములు వేస్తే 10 గ్రాముల కొవ్వు వస్తుంది. కాబట్టి ఖరీదైన చాక్లెట్ బదులు పొడి వాడేవారు చిక్కని పాలు తీసుకుంటే లోటు చాలావరకు తీరుతుంది. నోట్లో కరిగే కోకో వెన్న గుణం పూర్తిగా రాదు గాని ఉండలు, మడ్డి లేని కప్పు తప్పకుండా వస్తుంది.

చాక్లెట్ బిళ్ళతోనే చేసేవారు దాన్ని సన్నగా తరిగి, కాచిన పాలు కొద్దిగా పోసి, ఒక నిమిషం ఆగి కలపాలి. కరిగిన చాక్లెట్‌లో రెండు చుక్కల నీరు పడినా బిగుసుకుపోతుంది. చక్కెర తడిసి రేణువులను అంటించడమే దీనికి కారణం. పారేయనక్కర లేదు. ఇంకొన్ని వేడిపాలు పోసి కలిపితే మళ్ళీ జారుగా అవుతుంది.

డబ్బాపై ఏముంది

పదార్థాల పేర్లను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరసగా ముద్రించాలన్నది మన దేశంలో నిబంధన. డ్రింకింగ్ చాక్లెట్ డబ్బాపై తొలి పేరు చక్కెర అయితే, అందులో అన్నిటికన్నా ఎక్కువ ఉన్నది చక్కెరే. కిరాణా కొట్లో విడిగా దొరికే సరుకును కోకో పేరున కొన్నట్టవుతుంది. అలాగే చాక్లెట్ బిళ్ళలో కోకో వెన్నకు బదులు వేరే వనస్పతి కొవ్వు వాడిన రకాలు ఉన్నాయి. కాంపౌండ్ అనే పేరున అమ్మే ఈ రకం నోట్లో తేలిగ్గా కరగదు, కొంచెం మైనంలా తగులుతుంది. కోకో ప్రియమైనప్పుడు తయారీదారుల చూపు ఇటు మళ్ళడం సహజం. కొనేవారు ఆ చిన్న అక్షరాలు చదవడం మంచిది.

తోటల లెక్క

దేశంలో కోకో దిగుబడిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. ఏలూరు, గోదావరి ప్రాంతాల్లో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడలో అంతర పంటగా దీన్ని వేస్తున్నారు. 2024లో ఇక్కడ ఎండుగింజ కిలో వెయ్యి రూపాయల దరిదాపులకు పోయింది. 2025లో ధర బాగా పడిపోగా రైతులు ఆందోళనకు దిగారు. కిలోకు 500 రూపాయలు గిట్టేటట్టు, అందులో 50 రూపాయలు తాను భరించేటట్టు రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు ప్రకటించింది.

గింజ ధర పెరిగినా తగ్గినా కప్పుకు కావలసిన పొడి 10 గ్రాములే. పులియబెట్టడంలో రైతు తీసుకున్న శ్రద్ధ ఆ పదిగ్రాముల వాసనలో ఉంటుంది. వెన్న పిండిన తర్వాత మిగిలిన సరుకును వృథా కాకుండా కప్పులోకి తేవడం వంటింటి వంతు. దానికి కావలసిన పెట్టుబడి గోరువెచ్చని పాలు రెండు చెంచాలు, ముద్ద నూరే రెండు నిమిషాల ఓపిక.