ఇద్దరిద్దరుగా రెండు సంవత్సరాలు

మోర్మన్ మిషనరీల అనుదిన జీవితం నుండి మన కుటుంబాలు ఆలోచించవలసిన సంగతులు

తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్లని పేరు బిళ్ళ. నడిచో, సైకిలు మీదనో వీధి వెంట వెళ్తూ, ఎదురైనవారిని పలకరించే ఇద్దరు యువకులు. ప్రపంచంలోని అనేక పట్టణాలలో ఈ దృశ్యం కనిపిస్తుంది. చాలామంది వారిని చూసి పక్కకు తప్పుకుంటారు. కొందరు వాదానికి దిగుతారు. కొందరు కుక్కను వదులుతారు. ఆ ఇద్దరూ ఎవరి బిడ్డలో, ఈ పూట ఏమి తిన్నారో, రాత్రి గదికి చేరాక ఎలా ఉంటారో ఆలోచించేవారు మాత్రం తక్కువ.

వీరిని లోకం మోర్మన్లు అంటుంది. వారి సంఘం అసలు పేరు ‘యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము’. ఆ మారుపేరు వాడవద్దని 2018లో వారి అప్పటి అధ్యక్షుడు రస్సెల్ నెల్సన్ కోరారు. పాఠకులకు తెలిసిన పేరు గనుక ఇక్కడ వాడుతున్నాము. బైబిలుతో పాటు మోర్మన్ గ్రంథాన్ని కూడా వారు లేఖనంగా ఎంచుతారు. త్రిత్వమును గూర్చి వారి బోధ మన సంఘాల విశ్వాసానికి భిన్నమైనది. ఈ భేదాలు చిన్నవి కావు. అందుచేత అనేక సంఘాలు వారి బాప్తిస్మాన్ని అంగీకరించవు. అయితే ఈ వ్యాసం సిద్ధాంత చర్చ కొరకు కాదు. ఇల్లు విడిచి వెళ్ళిన ఒక యువకుని దినం ఎలా గడుస్తుందో, ఆ దినంలో బరువు ఎక్కడ ఉంటుందో చూద్దాము.

పిలుపు

2024 చివరి నాటికి ఈ సంఘానికి పూర్తికాల బోధక మిషనరీలు 74 వేలకు పైగా ఉన్నారు. వీరిలో అత్యధికులు పెండ్లికాని యువతీ యువకులు. యువకులు రెండేళ్ళు, యువతులు పద్దెనిమిది నెలలు సేవ చేస్తారు. 2012 అక్టోబరులో యువకుల కనీస వయస్సును 19 నుండి 18కి, యువతుల వయస్సును 21 నుండి 19కి తగ్గించారు. అప్పుడు కళాశాలలో చేరవలసిన పిల్లలు వేల సంఖ్యలో ముందుకు వచ్చారు.

ఎక్కడికి వెళ్ళాలో ఎంచుకునే అవకాశం వారికి లేదు. దరఖాస్తు పంపుతారు, కొన్ని వారాల తరువాత పిలుపు వస్తుంది. 2018 వరకు అది పెద్ద కవరులో టపా ద్వారా వచ్చేది, ఆ తరువాత కంప్యూటరులో చదువుకునే ఏర్పాటు వచ్చింది. బంధువులందరూ చుట్టూ కూర్చుని ఉండగా పిల్లవాడు పైకి చదువుతాడు. పొరుగు రాష్ట్రం కావచ్చు, బ్రెజిలు కావచ్చు, ఫిలిప్పీన్స్ కావచ్చు.

జీతం లేదు. ఖర్చు మిషనరీదే, లేదా అతని కుటుంబానిది. అమెరికా వంటి దేశాలవారు 2020 జూలై నుండి నెలకు 500 డాలర్లు చెల్లించే ఏర్పాటు వచ్చింది. ఖర్చు తక్కువ దేశానికి వెళ్ళినా, ఎక్కువ దేశానికి వెళ్ళినా చెల్లింపు ఒక్కటే. శక్తి లేని కుటుంబాలకు సంఘం తోడ్పడుతుంది. ఈ సేవ కొరకు చిన్నప్పటి నుండే ముంతలో డబ్బు దాచుకునే పిల్లలు వారిలో ఎందరో ఉన్నారు.

గడియారం చెప్పినట్టు

అమెరికాలోని యూటా రాష్ట్రం, ప్రోవో పట్టణంలో వారి పెద్ద శిక్షణ కేంద్రం ఉంది. అక్కడ 50కి పైగా భాషలు నేర్పుతారు. భాష నేర్చుకోవలసినవారికి శిక్షణ సుమారు ఆరు నుండి తొమ్మిది వారాలు. ఆ తరువాత విమానం.

ఉదయం ఆరున్నరకు లేవడం, రాత్రి పదిన్నరకు దీపం ఆర్పడం అనేది వారి నియమం. 2017లో ఆయా దేశాల అలవాట్లను బట్టి ఈ వేళలను కొంత సడలించారు. లేవగానే ప్రార్థన, వ్యాయామం, స్నానం, ఫలహారం. తరువాత ఒంటరిగా లేఖన పఠనం, ఆ తరువాత జోడీతో కలిసి పాఠం, పరదేశంలో అయితే భాషాభ్యాసం కూడా. ఆపైన రోజంతా బయటే. అంగీకరించిన ఇళ్ళలో బోధించడం, కొత్తవారిని వెదకడం, అవసరంలో ఉన్నవారికి చేతి సాయం చేయడం. ఈనాడు ఫోను ద్వారా, ఫేస్‌బుక్ ద్వారా పలకరించడం కూడా పనిలో భాగమే. రాత్రి గదికి వచ్చాక మరునాటి పని వ్రాసుకోవడం.

వారానికి ఒక దినం బట్టలు ఉతుక్కోవడానికి, కూరగాయలు, సరుకులు తెచ్చుకోవడానికి, క్షౌరానికి, ఇంటికి ఉత్తరం వ్రాయడానికి కేటాయిస్తారు. ఇంట్లో అమ్మ చేత పళ్ళెం కడిగించుకున్న పిల్లవాడు పరాయి ఊరిలో తన చొక్కా తానే ఉతికి, ఇస్త్రీ చేసుకుని, అన్నం తానే వండుకుంటాడు. తిరిగి వచ్చిన కుమారుడు చెప్పకుండానే పళ్ళెం కడిగితే ఏ తల్లి మాత్రం ఆశ్చర్యపడదు?

ఎప్పుడూ ఇద్దరు

ప్రభువు శిష్యులను ఇద్దరిద్దరిగా పంపిన సంగతి మార్కు సువార్త ఆరవ అధ్యాయంలో చదువుతాము. వీరూ ఆ పద్ధతినే పాటిస్తారు. జోడీని విడిచి ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళకూడదు. ఒకే గదిలో నిద్ర, ఒకే బల్ల మీద భోజనం, ఒకే దారి. ఈ జోడీని ఎవరికి వారు ఎంచుకోరు. మిషన్ అధ్యక్షుడు నియమిస్తారు. సుమారు ఆరు వారాలకొకసారి మార్పులు ఉంటాయి. అందరికీ ప్రతిసారీ మార్పు రాదు. నచ్చని జోడీతో నెలల తరబడి ఉండవలసి రావచ్చు.

వారిలో యువకుణ్ణి ‘ఎల్డర్’ అని, యువతిని ‘సిస్టర్’ అని ఇంటిపేరుతో పిలుస్తారు. ఎల్డర్ అంటే పెద్ద. మన సంఘాలలో పెద్ద అనగానే తల నెరిసిన మనిషి గుర్తుకు వస్తాడు. అక్కడ మీసం సరిగా రాని పద్దెనిమిదేళ్ళవాడు పెద్ద. అతడు గురక పెట్టే జోడీతో, అంట్లు తోమని జోడీతో, మాట్లాడని జోడీతో సమాధానంగా బ్రతకాలి. పౌలు బర్నబాల మధ్యనే తీవ్రమైన వాదం వచ్చి వేరైపోయారే! ఇక ఈ పిల్లల సంగతి చెప్పాలా? పరదేశ సేవలో అన్నిటికంటె కష్టమైనది పరదేశీయులతో మెలగడం అనుకుంటాము. చాలాసార్లు అది పక్క మంచం మీద ఉన్న తోటి సేవకునితోనే.

రాని భాషలో

ఎనిమిది వారాలలో నేర్చుకున్న భాషతో సంతకు వెళ్తే బేరం ఆడవచ్చు. ఒక విధవరాలి దుఃఖాన్ని ఓదార్చడం వేరు. పూర్వం వారి మిషనరీలు కొన్ని పాఠాలను కంఠస్థం చేసి అప్పజెప్పేవారు. 2004లో ఆ పద్ధతి మాని, వినేవారి అవసరాన్ని బట్టి సొంత మాటలలో చెప్పమన్నారు. భాష బాగా రాని పిల్లవానికి ఇది మరింత కష్టం. ఒక మాట తప్పుగా పలికి అందరూ నవ్వితే, తానూ నవ్వి మళ్ళీ పలకగలగాలి.

భాష ఎంత అడ్డమో మన దేశపు చరిత్రే చెబుతుంది. 1853 ఏప్రిల్‌లో పదముగ్గురు మోర్మన్ మిషనరీలు ఓడలో కలకత్తా చేరారు. వారిలో రిచర్డ్ బాలంటైన్ అనే ఆయన ఇద్దరు జతపనివారితో అదే జూలైలో మద్రాసుకు వచ్చారు. 1849లో సాల్ట్ లేక్ పట్టణంలో తన ఇంట్లోనే వారి మొదటి ఆదివారపు బడిని ప్రారంభించినది ఈయనే. భార్యాబిడ్డలను విడిచి వచ్చి, కరపత్రాలు అచ్చువేయించి, సుమారు ఒక సంవత్సరం మద్రాసులో శ్రమపడ్డారు. ఎక్కువగా ఇంగ్లీషు తెలిసినవారికి, తెల్ల సైనికులకే చెప్పగలిగారు. చేరినవారు బహు కొద్దిమంది. 1856 నాటికి ఆ గుంపులో చివరివారు కూడా దేశం విడిచి వెళ్ళిపోయారు.

మూసిన తలుపులు

అదే సంఘపు మిషనరీలు 1837 జూలై 20న ఇంగ్లాండులోని లివర్‌పూల్ రేవులో దిగారు. పది దినాలకే ప్రెస్టన్ పట్టణంలో, రిబుల్ నదిలో తొమ్మిదిమందికి బాప్తిస్మమిచ్చారు. బాలంటైన్ వారికంటె తక్కువ ప్రార్థించారా? తక్కువ నడిచారా? ఒక చోట తలుపు తెరుచుకుంది, మరొక చోట మూసే ఉంది.

ఈ సంగతి తెలుగు క్రైస్తవులకు కొత్త కాదు. బాలంటైన్ మద్రాసులో ఉన్న ఆ 1853లోనే, ఫలితం లేదని నెల్లూరులోని తమ తెలుగు మిషనును మూసివేయాలా అని అమెరికన్ బాప్టిస్టులు చర్చించారు. మూయలేదు. 1878 జూలై 3న ఒంగోలు సమీపాన, గుండ్లకమ్మ ఏటిలో ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అయితే నెల్లూరులో ఏళ్ళ తరబడి భాష నేర్చుకుని ఎదురుచూసిన సేవకులకు ఉన్న వ్యవధి, రెండేళ్ళకు వచ్చిన యువకునికి లేదు. అతడు విత్తిన దానిని చూడకుండానే విమానం ఎక్కవలసి రావచ్చు.

ప్రమాదాలు కూడా లేకపోలేదు. 2016 మార్చి 22న బ్రస్సెల్స్ విమానాశ్రయంలో జరిగిన బాంబు పేలుళ్ళలో ఈ మిషనరీలు గాయపడ్డారు. అదే సంవత్సరం రష్యాలో సువార్త ప్రకటనను కట్టడి చేసే చట్టం వచ్చినప్పుడు, అక్కడి వారిని మిషనరీలు అనక స్వచ్ఛంద సేవకులు అని పిలవవలసి వచ్చింది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు వేలాదిమంది కొద్ది రోజులలోనే పెట్టె సర్దుకుని ఇంటిదారి పట్టారు.

ఇంటి మీద బెంగ

2019 ఫిబ్రవరి వరకు మిషనరీలు ఇంటికి ఫోను చేసేది సామాన్యంగా సంవత్సరానికి రెండుసార్లే, క్రిస్మసుకు, మాతృ దినోత్సవానికి. మిగతా కాలమంతా ఉత్తరాలు, ఈ-మెయిలు. 2019 ఫిబ్రవరిలో వారానికొకసారి మాట్లాడుకునే అనుమతి ఇచ్చారు. గల్ఫ్‌కు వెళ్ళిన భర్త ఫోను కొరకు కాచుకున్న తల్లులకు, భార్యలకు ఈ మార్పు విలువ వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడ అక్క పెండ్లి జరుగుతుంది, అక్కడ పిల్లవాడు ఎవరి గుమ్మం ముందో నిలబడి ఉంటాడు. తాతగారు ప్రభువునందు నిద్రిస్తారు, మట్టి వేయడానికి మనవడు ఉండడు.

తెలుగువారికీ ఈ సంఘంతో బంధం ఉంది. సమోవాలో నివసించిన హైదరాబాదువారు ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు 1978 డిసెంబరులో కొద్దికాలపు మిషను మీద హైదరాబాదుకు వచ్చారు. వారి బంధువులలో 22 మంది బాప్తిస్మం పొందారు. 2012లో వారి సంఘపు ‘స్టేక్’, అనగా కొన్ని సంఘాలు కలిసిన మండలం, మన దేశంలో మొట్టమొదటగా హైదరాబాదులోనే ఏర్పడింది. కనుక ఆ పేరు బిళ్ళ పెట్టుకున్న పిల్లవాడు మన వీధివాడే అయి ఉండవచ్చు.

ముందుగా తిరిగి వచ్చినవారు

అందరూ రెండేళ్ళు పూర్తి చేయరు. కొందరు జబ్బుపడతారు. కొందరిని దిగులు, ఆందోళన కమ్ముకుంటాయి, నిద్ర పట్టదు, మంచం దిగలేరు. అటువంటివారు ముందుగా ఇంటికి వస్తారు. సాగనంపిన దినాన గుడి నిండా జనం. తిరిగి వచ్చిన దినాన అందరి కళ్ళలో ఒకటే ప్రశ్న: “ఏమి జరిగింది?” ఏదో పాపం చేశాడేమోనని గుసగుసలు. ఆరోగ్యం అనుమతించనివారు ఇంటి దగ్గర ఉంటూనే సేవ చేసే ఏర్పాటును ఆ సంఘం ఇప్పుడు కల్పించింది. అయినా పొరుగువారి చూపును ఏ ఏర్పాటు మార్చగలదు?

మార్కు అనబడిన యోహాను పౌలుతో బయలుదేరి, పంఫూలియాలోని పెర్గే నుండి యెరూషలేముకు తిరిగి వెళ్ళిపోయాడు. కారణం లేఖనం చెప్పదు. పౌలు అతనిని మళ్ళీ వెంట తీసుకొనిపోవడానికి ఒప్పుకోలేదు. బర్నబా మాత్రం అతనిని వెంటబెట్టుకుని కుప్రకు ఓడ ఎక్కాడు. సంవత్సరాల తరువాత చెరసాలలో ఉన్న పౌలు తిమోతికి వ్రాస్తూ, మార్కును తోడుకొని రమ్మని, అతడు పరిచారము నిమిత్తము తనకు ప్రయోజనకరమైనవాడని చెప్పాడు. సగం దారిలో తిరిగి వచ్చినవాడు ప్రయోజనకరమైనవాడుగా ఎలా అయ్యాడు? మధ్యలో బర్నబా ఉన్నాడు గనుక.

మన ఇళ్ళకు

ప్రియమైన తల్లిదండ్రులారా, మనలో చాలామంది పిల్లలు మిషనరీలుగా వెళ్ళకపోవచ్చు. వేదాంత కళాశాలకో, నర్సు శిక్షణకో, కువైటుకో, అమెరికాకో వెళ్తారు. వారికీ గడియారం ఉంది, ఎంచుకోని గది జోడీ ఉంది, రాని భాష ఉంది, మూసిన తలుపు ఉంది. వెళ్ళేముందు వారికి అన్నం వండడం, బట్టలు ఉతకడం, నచ్చనివారితో సమాధానంగా ఉండడం నేర్పండి. ఫోను చేసినప్పుడు “ఎంత సంపాదించావు? ఎన్ని మార్కులు వచ్చాయి?” అనే ముందు “తిన్నావా నాయనా? నిద్ర పడుతోందా?” అని అడగండి. తెరిచే తలుపులు మన పిల్లల చేతిలో లేవు. ఉదయం లేచి, ప్రార్థించి, ఆ దినపు పని నమ్మకంగా చేయడం మాత్రమే వారి చేతిలో ఉంది. లెక్క అడిగితే దానికే అడగాలి.

ఆ ఇద్దరు యువకులు మీ గుమ్మానికి వస్తే, వారి బోధను అంగీకరించనక్కరలేదు. మన విశ్వాసమేమిటో నెమ్మదిగా, స్పష్టంగా చెప్పండి. ఎండలో వచ్చారు గనుక మంచినీళ్ళు ఇవ్వండి. టీ, కాఫీలు వారు తాగరు. మజ్జిగ ఇవ్వవచ్చు.

మీ వీధిలో ఎవరి బిడ్డ అయినా, ఏ సంఘంవాడైనా, మొదలుపెట్టిన పని ముగించలేక తిరిగి వస్తే, కారణం అడగడానికి వెళ్ళవద్దు. భోజనానికి పిలవండి. ప్రతి సంఘంలోనూ ఒక మార్కు ఉంటాడు. బర్నబా ఉన్నాడా అన్నదే ప్రశ్న.